పడకప్రక్కన మన ప్రార్థన

చదువవలసిన భాగములు: యోబు 2:11–13, మత్తయి 26:36–46

గత సంవత్సరము కోతపండుగ నాడు, ఆరాధన ముగిసి, గుడి ఆవరణములో గుమ్మడికాయలు, కోళ్లు వేలము వేయుచుండగా, మా సంఘపు యువకుడొకడు మమ్మును చింతచెట్టు క్రిందికి పిలిచెను. అతని తండ్రికి జీర్ణకోశములో పుట్టిన క్యాన్సరు కాలేయమునకు ప్రాకియున్నది. విశాఖపట్నములో ఆరు నెలలు మందులెక్కించిరి. "అయ్యగారూ, ఇంక ఈ మందులు పనిచెయ్యవు, ఇంటికి తీసుకెళ్లి బాధ లేకుండా చూసుకోండి అన్నారండి డాక్టరుగారు. మేం సరే అంటే అది అవిశ్వాసం అవుతుందా అండి?" అని అడిగెను.

"ప్రార్థించి చెప్పెదము" అంటిమి. ఏమియు తోచనప్పుడు పాదిరులు చెప్పు జవాబు ఇది. అతడును దాని నెరుగును కాబోలు, మరి మాటలాడక వెళ్లిపోయెను.

సరిగా ఈ ప్రశ్నకే మేము అంతకు మూడేండ్ల క్రితము మిక్కిలి ధైర్యముగా జవాబు చెప్పియుంటిమి. ఆ జవాబు వలన ఏమి జరిగెనో ముందుగా ఒప్పుకొననిదే ఈ విషయమై వ్రాయుటకు మాకు అర్హత లేదు.

ఆయన పదవీ విరమణ చేసిన బడిపంతులు. మా సంఘపు లెక్కలు ఇరువది యేండ్లు ఒక్క పైసా తేడా లేక వ్రాసిన మనిషి. ఆయనకు వచ్చిన క్యాన్సరు కనుగొనునప్పటికే లోపల పలుచోట్లకు వ్యాపించియుండెను. నెలలు మాత్రమేనని వైద్యులు కుటుంబమునకు చెప్పిరి. మేము మూడు దినములు ఉపవాస ప్రార్థన పెట్టితిమి. హిజ్కియా రాజునకు పదునైదు సంవత్సరములు ఆయుష్షు కలుపబడిన భాగమును తీసికొని ప్రసంగించితిమి. ఇంటికి తెచ్చుకొందుమని భార్య అనగా, అది ఓటమి నొప్పుకొనుట యగునని పెద్దలు చెప్పిరి. మేమును కాదనలేదు. వారు ఎకరమున్నర పల్లపు భూమి అమ్మి మరియొక పట్టణపు ఆసుపత్రిలో చేర్చిరి. అక్కడ యంత్రములున్న గదిలో పదకొండు దినములు ఉంచిరి. గొంతులో గొట్టము. ఉదయము పది నిమిషములు, సాయంకాలము పది నిమిషములు ఒక్కొక్కరే చూచి రావలెను. ఒక రాత్రివేళ ఆయన కన్నుమూసిరి. ప్రక్కన తనవారెవరును లేరు.

ఆదరణ కూడిక జరిగిన దినమున, అందరును భోజనములకు లేచిన తరువాత, ఆ అమ్మ మాతో నెమ్మదిగా నిట్లనెను: "మీరు వచ్చేవారు, ప్రార్థన చేసేవారు, బండెక్కి వెళ్లిపోయేవారు. ఆయన మీతో ఏదో చెప్పాలనుకున్నారండి. రెండుసార్లు నోరు తెరిచారు కూడా. అప్పటికే మీరు కళ్లు మూసుకున్నారు."

కోపముతో అన్నమాట కాదు. కోపముతో అనియున్న మాకు కొంత తేలికగా నుండెడిది. ఆయన ఏమి చెప్పదలచిరో మాకు నేటికిని తెలియదు, ఇక తెలియబోదు.

అప్పటినుండి మమ్మును మేము అడుగుకొనుచున్న ప్రశ్న ఇది. ఆ పడకప్రక్కన మేము చేసిన ప్రార్థన ఎవరికొరకు? స్వస్థత కలిగిన సంఘమునకు సంతోషము, మా పరిచర్యకు పేరు. కలుగదని ఒప్పుకొనిన మేము అక్కడ కూర్చుండి ఏమి మాటలాడవలెనో మాకు తెలియదు. కాబట్టి గట్టిగా ప్రార్థించితిమి. గట్టిగా ప్రార్థించువానిని ఎవరును ప్రశ్న అడుగలేరు గదా! ఆ గట్టి ప్రార్థన వెనుక మా భయము దాగియుండెను. సెమినరీలో మాకు ప్రసంగము చేయుట నేర్పిరి, గ్రీకు అక్షరములు నేర్పిరి, సంఘపు పుస్తకములు ఎట్లుంచవలెనో నేర్పిరి. చనిపోవుచున్న మనుష్యుని యొద్ద నోరు మూసికొని కూర్చుండుట నేర్పినట్లు జ్ఞాపకము లేదు. నేర్పిరేమో, మేమే ఆ దినమున బడి ఎగవేసితిమేమో!

ఈ సంగతిని మనకంటె ముందు ఎరిగినవారు కలరు. ఇంగ్లాండు దేశములో సిసిలీ సాండర్స్ అను స్త్రీ మొదట నర్సుగాను, పిమ్మట ఆసుపత్రిలో రోగుల కష్టసుఖములు విచారించు ఉద్యోగినిగాను పనిచేసెను. 1948లో క్యాన్సరుతో మరణించుచున్న ఒక యూదుని ఆమె కనిపెట్టి చూచెను. అతడు పోలండునుండి వచ్చిన కాందిశీకుడు, ఒంటరివాడు. తనవంటివారికొరకు ఆమె కట్టదలచిన గృహములో ఒక కిటికీగా తానుందునని చెప్పి అతడు 500 పౌనులు ఆమెకు విడిచిపెట్టెను. ఆమె ముప్పది యేండ్లు దాటిన తరువాత వైద్యము చదివి, 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ అను గృహమును తెరచెను. బాగుకాని రోగులను బాధలేకుండ కడవరకు కనిపెట్టియుండుటయే దాని పని. ఆమె దృఢమైన క్రైస్తవురాలు. ఆమె చెప్పినదానిలో ముఖ్యమైనది, మరణించువాని నొప్పి ఒక్కటి కాదు అనుట. శరీరపు నొప్పి, మనస్సు నొప్పి, ఇంటివారిని గూర్చియు అప్పులను గూర్చియు కలుగు నొప్పి, నా బ్రదుకునకు అర్థమేమి, దేవుడు నన్ను మరచెనా అను ఆత్మ నొప్పి, ఈ నాలుగును ముడివడియుండును. ఒకదానిని విప్పక మరియొకదానిని విప్పలేము.

మన పాదిరులు నాలుగవదానిని మాత్రము తమదని యెంచుదురు. వైద్యులు మొదటిదానిని తమదని యెంచుదురు. నడుమనున్న రెండును ఎవరివో!

ఇక ఒక చేదు సంగతి. అమెరికా దేశపు వైద్యులు కొందరు ముదిరిన క్యాన్సరుగల 230 మందిని ప్రశ్నించి, 2007లో దాని ఫలితమును ప్రకటించిరి. నూటికి 88 మంది, భక్తి తమకు ఎంతోకొంత ముఖ్యమే అనిరి. అయినను నూటికి 47 మంది, తమ ఆత్మీయ అవసరతలను తమ సంఘము బహు కొంచెముగా పట్టించుకొనెను లేక బొత్తిగా పట్టించుకొనలేదు అనిరి. ఆసుపత్రుల విషయములో అట్లన్నవారు నూటికి 72. ఇంతవరకు మనము ఊహింపదగినదే. 2013లో అక్కడివారే 343 మంది రోగులను గూర్చి మరియొక ఫలితము ప్రకటించిరి. సంఘము తమను మిక్కిలి ఆదుకొనెనని చెప్పిన రోగులు, చెప్పనివారికంటె ఎక్కువగా కడపటి వారమున యంత్రములమీద ఉండిరట. యంత్రములున్న గదులలోనే ఎక్కువగా మరణించిరట. బాధ తగ్గించు గృహములకు తక్కువగా వెళ్లిరట. అయితే వారిలో ఎవరికి వైద్యులును నర్సులును కూడ ఆత్మీయముగా తోడుండిరో, వారి విషయములో ఇది మారెను.

అది అమెరికా, మన పల్లెలు వేరు, ఆ లెక్కలను మన సంఘములకు అట్లే అంటగట్టలేము. సంఘపు ఆదరణయే దీనికి కారణమని కూడ ఆ లెక్క రుజువు చేయదు. కాని అది చదివినప్పుడు మాకు ఆ బడిపంతులుగారి పదకొండు దినములు జ్ఞాపకము వచ్చెను. మేము ఆదుకొనలేదని ఎవరనగలరు? ఎకరమున్నర అమ్ముటకు కావలసిన ధైర్యమంతయు మేమే యిచ్చితిమి.

అయితే వేదము ఏమి చెప్పుచున్నది? హిజ్కియాకు పదునైదు సంవత్సరములు దొరికిన మాట నిజమే. ఆయన పుండుకు అంజూరపు పండ్ల ముద్ద వేసిరని కూడ అక్కడనే వ్రాయబడియున్నది గనుక వైద్యము విశ్వాసమునకు విరోధము కాదు. కాని అదే రాజుల గ్రంథములో కొంచెము ముందుగా ఎలీషా కలడు. షూనేమీయురాలి కుమారుని లేపినవాడు, నయమానును బాగుచేసినవాడు. ఆయన రోగము వచ్చి ఆ రోగముతోనే మరణించెను. ఆయనకు విశ్వాసము తక్కువయని గ్రంథకర్త ఎక్కడను అనలేదు. పౌలు త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచి వచ్చితినని వ్రాసికొనెను. మేము హిజ్కియాను పదిసార్లు ప్రసంగించియుందుము. త్రోఫిమును ఒక్కసారియు ప్రసంగించలేదు. మన సంఘములలో త్రోఫిములే యెక్కువ.

హిజ్కియాకు కలుపబడిన సంవత్సరములలోనే గదా ఆయన బబులోను దూతలకు తన ఖజానా అంతయు చూపి గర్వపడెను! ఆయుష్షు పెరుగుట, బ్రదుకు బాగుండుట ఒక్కటి కావు. ఎన్నాళ్లు అనుదానికి క్యాలెండరు కలదు. ఆ నాళ్లు ఎట్టివి అనుదానికి రోగిని అడుగుట తప్ప వేరు కొలత లేదు. మేము అడుగలేదు.

గెత్సేమనేలో ప్రభువు ఆ గిన్నె తొలగవలెనని ప్రార్థించెను. గనుక మనమును స్వస్థతకై ప్రార్థించుట తప్పు కాదు. మేము ఇప్పటికిని ప్రార్థించుచున్నాము. కాని ఆయన శిష్యులను అడిగినది ఏమి? గిన్నె తొలగింపుమని కాదు. తనతోకూడ అక్కడ మెలకువగా నుండుమని. వారు నిద్రపోయిరి. మేము నిద్రపోలేదు; అంతకంటె అన్యాయము, మాటలాడితిమి. యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద కూర్చుండి ఒక్క మాటయు పలుకలేదు. వారు చేసిన మేలంతయు ఆ ఏడు దినములలోనే జరిగెను. ఎలీఫజు నోరు తెరచిన గడియనుండి యోబునకు రెండవ శ్రమ ఆరంభమాయెను.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మొదటి దశలో కనుగొనిన నోటి క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు అనేకులకు నయమగుచున్నవి. అట్టివారిని ఆసుపత్రికి పోనీయక నూనె రాసి కూర్చుండబెట్టు బోధకులు ఈ వ్యాసమును తమకు సాక్ష్యముగా తెచ్చుకొనవద్దు. మేము వ్రాయునది, వైద్యులే చేతులు కట్టుకొనిన దశను గూర్చి. ప్రాణము తీయుట వేరు; మేలుచేయని చికిత్సను మానుట వేరు; రోగిని విడిచిపెట్టుట వేరు. మొదటిది పాపము, మూడవదియు పాపమే. నడుమనున్నది పాపము కాదు.

బడిపంతులుగారు పోయిన మరుసటి సంవత్సరము, మా పాస్టరేటులోని సముద్రపు ఒడ్డు పల్లెలో ఒక పెద్దమ్మకు అంగిలిలో క్యాన్సరు వచ్చెను. శ్రీకాకుళము, విశాఖ తీరపు పల్లెలలో ఆడవారు చుట్ట నిప్పువైపు నోటిలో పెట్టుకొని త్రాగుట చదువరులు ఎరుగుదురు, అడ్డపొగ అందురు. ఈమె ఇరువదియేండ్ల ప్రాయమునుండి త్రాగెను. పుండు చెంపకు తెరచుకొని దుర్వాసన పుట్టగా, ఆమెను పెరటిలోని పాకకు మార్చిరి. మొదట వారము వారము వచ్చిన స్త్రీల సమాజము వారు రాకడ మానిరి. మేమును గుమ్మమునొద్దనే నిలిచి ప్రార్థించి వచ్చుచుంటిమి. సిగ్గుపడి వ్రాయుచున్నాము.

ఒక దినమున మేము కన్నులు మూయబోవుచుండగా ఆమె చేయి ఎత్తి ఆపెను. మాట సరిగా రాదు. ఆగి ఆగి అనెను: "ఇయ్యాల నాను బాగుపడాలని ప్రార్థన సెయ్యొద్దు బాబూ. నా మాటినండి."

మేము లోపలికి వెళ్లి నులకమంచము ప్రక్కన పీట వేసికొని కూర్చుంటిమి. ఆమె అడిగినది రెండు సంగతులు. తాను చుట్ట త్రాగినందుకు దేవుడు నోటిమీద కొట్టెనా? ఇంత కంపుకొట్టు నోటితో ప్రభువు బల్లయొద్దకు రావచ్చునా? ఏడు నెలలుగా ఆమె బల్లలో చేయివేయలేదు. దూరమువలన రాలేదని మేము అనుకొంటిమి.

మొదటి ప్రశ్నకు మేము అబద్ధము చెప్పలేము. పొగ ఆ జబ్బు తెచ్చినదని వైద్యులు చెప్పుదురు, అది నిజము. కాని జబ్బుకు కారణముండుట వేరు, అది శిక్షయగుట వేరు. సిలోయములోని గోపురము పడి చచ్చినవారు ఇతరులకంటె పాపులని తలంచవద్దని ప్రభువే చెప్పెను. ఈ మాట ఆమెకు ప్రసంగముగా చెప్పలేదు. రెండు మూడు వాక్యములలో చెప్పి ఊరకుంటిమి. ఆమె చాలసేపు పాకకప్పు చూచుచుండి, "అయితే నన్ను కొట్టలేదన్నమాట" అనెను. రెండవ ప్రశ్నకు జవాబుగా మరుసటి ఆదివారము బల్లను ఆమె పాకకు తీసికొనిపోతిమి. రొట్టె ద్రాక్షారసములో నానబెట్టి చిటికెడు పెట్టితిమి.

అయితే అంతకుముందే అంతకంటె పెద్ద పరిచర్య ఒకటి జరిగెను. అది మావలన కాదు. ఉపశమన వైద్యము నేర్చిన నర్సమ్మ ఒకామె వచ్చి పుండు కడిగి, మెట్రోనిడజోల్ మాత్రలను మెత్తగా నూరి ఆ పొడి పుండుమీద చల్లుట కోడలికి నేర్పెను. గాలి తగులని సందులలో పెరుగు క్రిములు ఆ వాసన పుట్టించును. ఆ మందు వాటిని చంపును. కొద్ది దినములలో వాసన తగ్గెను. తగ్గగానే మనవరాలు వచ్చి మంచముమీద కూర్చుండెను. స్త్రీల సమాజము వారు వచ్చిరి. మేమును గుమ్మము దాటితిమి. బజారులో కొన్ని రూపాయలకు దొరకు ఆ మాత్రలు మా ప్రసంగములు చేయలేని పని చేసినవి. దానిని శరీరపు వైద్యమందుమా, ఆత్మీయ పరిచర్యయందుమా? వేరుచేయుట మాకు చేతకాలేదు.

నొప్పికి ఆ నర్సమ్మ పెద్దాసుపత్రినుండి మార్ఫిన్ మాత్రలు వ్రాయించి తెప్పించెను. కుమారుడు ఒప్పుకొనలేదు. "నల్లమందు కదండీ, అలవాటు పడిపోద్ది, మతి పోద్ది" అని మమ్మును సాక్షిగా పిలిచెను. సిలువమీద మన ప్రభువు మత్తు కలిపిన ద్రాక్షారసమును పుచ్చుకొనలేదు గదా అని ఒక సంఘపెద్ద కూడ వాదించెను. ఆ వాదమునకు మాకు తోచిన జవాబు ఇది: ఆయన తనకొరకు తాను వద్దనెను. ఒకరి నొప్పికి మరియొకరు వద్దనుటకు సువార్తలలో ఎక్కడ సెలవున్నది? నశించుచున్నవానికి మద్యమిచ్చి బాధ మరపింపుమని లెమూయేలు తల్లి తన కుమారునికి బోధించినది సామెతలలోనే కలదు.

మతిపోవునను భయమునకు జవాబు నర్సమ్మ చెప్పెను. వైద్యుడు చెప్పిన కొలతలో, నొప్పి వచ్చువరకు వేచియుండక నాలుగు గంటలకొకసారి వేళప్రకారము ఇచ్చినయెడల క్యాన్సరు రోగికి అది వ్యసనము కాదు, ఆయుష్షును తగ్గించదు. మొదటి రెండు మూడు దినములు మగతగా నుండవచ్చును. మలబద్ధకము తప్పక కలుగును గనుక దానికి మందు వెంటనే యివ్వవలెను. 1985లో వచ్చిన మాదకద్రవ్యముల చట్టము వలన ఈ మందు ఉంచుటకు ఆసుపత్రులు భయపడుచుండగా, 2014లో ఆ చట్టమును సవరించి కొంత సులభము చేసిరి. కేరళలోని కోళిక్కోడులో 1993లోనే కొందరు వైద్యులు ఇట్టి వైద్యమునకు సంఘము స్థాపించిరి. అక్కడ ఊరివారే ఇంటింటికి తిరిగి రోగులను చూచెదరు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో దీనికి ప్రత్యేక విభాగము కలదు. మన పల్లెలకు ఇంకను సరిగా చేరలేదు. చేరినచోట పాదిరి అడ్డుపడకుండిన చాలును.

మార్ఫిన్ మొదలుపెట్టిన నాలుగవ దినమున ఆ పెద్దమ్మ రాత్రంతయు నిద్రపోయెను. తెల్లవారి లేచి, ఇరువది యేండ్లుగా మాటలులేని తన చెల్లెలిని పిలిపింపుమనెను. నొప్పి తగ్గువరకు ఆమెకు చెల్లెలు జ్ఞాపకమే రాలేదట! చెల్లెలు వచ్చినది. ఏమి మాటలాడుకొనిరో మేమెరుగము. ఆ గదిలో మాకు పనిలేకపోయెను.

కోతపండుగనాడు అడిగిన యువకునికి జవాబు చెప్పుటకు మాకు తొమ్మిది దినములు పట్టెను. అతని యింటికి పోయి, "నాన్నగారికి సంగతి తెలుసునా?" అని అడిగితిమి. తెలియదనియు, చెప్పవద్దనియు తల్లి అనెను. తండ్రి లోపలినుండి, "నాకు తెలుసు, మీ ముఖాలు చూస్తే తెలీదా" అనెను. అందరును కొంచెముసేపు ఏడ్చిరి. పిమ్మట ఆయనను అడిగితిమి, ఎక్కడ నుండవలెనని యున్నదని. ఇక ఆసుపత్రి వద్దనియు, ఇంటి అరుగుమీద మంచము వేయుమనియు ఆయన చెప్పెను. అప్పుడు ఆ యువకునితో, "ఇది అవిశ్వాసము కాదు నాయనా, మంచము వేయుము, మేము వచ్చుచుందుము" అంటిమి.

ఇది వ్రాయుచున్నప్పటికి ఆయన అరుగుమీదనే యున్నారు. రోజునకు ఆరుసార్లు మాత్ర. అన్నము తక్కువ, మజ్జిగ ఎక్కువ. మేము మంగళవారము, శుక్రవారము పోవుచున్నాము. ఆయన పరలోకమును గూర్చి ఒక్కసారి మాత్రమే అడిగిరి. తన గేదె ఈనినదా అని ప్రతిసారి అడుగుదురు. క్రిందటి శుక్రవారము, "ఈవేళ చిన్న ప్రార్థన చాలండి, తర్వాత కూర్చోండి" అనిరి. చిన్న ప్రార్థనయే చేసితిమి. వీధిలో ఎడ్లబండి పోవుట, పిల్లలు బడినుండి వచ్చుట చూచుచు ఇద్దరమును దీపాలవేళ వరకు కూర్చుంటిమి.